మందు మానేసినాయనకి మళ్ళీ ఎందుకు లాగుద్ది? అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల డీఅడిక్షన్ కేసులు చూస్తుంటానండి. సంక్రాంతి వెళ్ళిన వారం మా ఓపీ నిండిపోద్ది, ఆర్నెల్లు చుక్క ముట్టనోళ్ళు కూడా పందేల బరి దగ్గరికెళ్ళి మళ్ళీ మొదలెట్టేసి వస్తారు, పక్కన భార్య ఏడుస్తా ఉంటది.

అపోహ: ఆర్నెల్లు మానాడంటే ఒంట్లోంచి పోయినట్టే, మళ్ళీ తాగాడంటే పొగరే.

ఒంట్లోంచి మందు రోజుల్లో పోద్దండి, మెదడు నేర్చుకున్నది అలా పోదు. షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చూపించాడు, మొదట్లో జ్యూస్ నోట్లో పడినప్పుడు డోపమైన్ అనే రసాయనం వదిలే మెదడు కణాలు స్పందించాయి, కొన్నాళ్ళకి జ్యూస్ రాబోతోందని చెప్పే గుర్తు కనపడగానే స్పందించాయి, జ్యూస్‌కి కాదు. మన దగ్గరా అదే. ఈ చోటు, ఈ వాసన, ఈ మనుషులు అంటే మందు అని ముడేసేది మెదడులో అమిగ్డలా అనే భాగం, బాదం గింజంత ఉంటది. చోటుని గుర్తుపెట్టుకునేది హిప్పోక్యాంపస్. అక్కణ్ణించి న్యూక్లియస్ అక్యుంబెన్స్‌కి, అంటే కోరికని కదలికగా మార్చే మెదడు భాగానికి, కబురెళ్తే కాళ్ళు అటే లాగుతాయి. ఏళ్ళ తరబడి తాగితే అలవాట్లు నడిపే డోర్సల్ స్ట్రయేటం అనే భాగం కూడా తోడై, ఆలోచించకుండానే చెయ్యి గ్లాసు మీదకెళ్ళే అలవాటైపోద్ది.

అపోహ: మనసు గట్టిదైతే చాలు.

ఆపే పని మెదడు ముందు భాగానిది, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటాం. ఏళ్ళ తరబడి తాగుడుతో దెబ్బ తినేదీ అదే. పైగా 2008లో కొకైన్ పేషెంట్లకి కొకైన్ బొమ్మలు 33 మిల్లీసెకన్లు మాత్రమే చూపించారు, చూశామని వాళ్ళకే తెలీదు, అయినా అమిగ్డలా వైపు స్పందన వచ్చేసింది. తనకి తెలిసేలోపే మొదలైపోయేదానికి మనిషిని తిట్టి ఏం లాభం చెప్పండి?

అపోహ: డీఅడిక్షన్ సెంటర్లో మూడు నెల్లు బానే ఉన్నాడు, నయమైపోయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. వియత్నాంలో హెరాయిన్‌కి బానిసలైన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది ఇంటికెళ్ళాక మళ్ళీ దానికి బానిసలు కాలేదని 1970ల్లో లీ రాబిన్స్ చేసిన పరిశోధనలో తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నా, అది వాడిన చోటు వెనకే ఉండిపోవటం ఓ పెద్ద కారణం అంటారు. మనోళ్ళది తిరగబడ్డ కథ, సెంటర్లో ఆ గుర్తులేవీ ఉండవు, డిశ్చార్జ్ అయ్యి నేరుగా ఊళ్ళో అదే కూడలికి, అదే కాలవ గట్టుకి దిగుతారు. ఇంకో మాట, రోజూ బాగా తాగేవాళ్ళని ఇంట్లోనే ఒక్కసారిగా ఆపించెయ్యకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తాది, డాక్టర్‌కి చూపించండి, మత్తు మానటానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

రొయ్యల చెరువు ఆయనొకడు, రాత్రిళ్ళు గట్టు మీద మకాంలో తాగేవాడు, మానేశాక చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వింటే చాలు గొంతు ఆరిపోయేదంట. బావమరిదికి రాత్రి కాపలా అప్పజెప్పించాం, ఈయన పొద్దున్న మేతకెళ్తున్నాడు. ఇంకా లాగుతానే ఉందండీ అన్నాడు మొన్న, కాకపోతే లాగినప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఓ అరగంట మాట్లాడతా కూర్చుంటున్నాడంట.