విటమిన్ డి అపోహలు: వారానికొకటి అంటే వారానికొకటే

"డాక్టరుగారూ, డి విటమిన్ పన్నెండే ఉందట. గుండెజబ్బు వస్తుందా? క్యాన్సరా?" రిపోర్టు పట్టుకొని వణికిపోతూ వచ్చేవారిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పిస్తాను. వాళ్లను బెదరగొట్టిన వాట్సాప్ పండితుల మీదే నా కోపమంతా.

అపోహ: డి పెంచుకుంటే షుగరు, గుండెపోటు, క్యాన్సర్ రావు.

వాస్తవం: ఆ జబ్బులున్నవారిలో డి తక్కువగా కనిపించే మాట నిజమే. కానీ మంచాన పడ్డ మనిషి ఎండలోకి వెళ్లడు. ఊబకాయంలోనూ రక్తంలో డి తగ్గుతుంది. ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చడానికి అమెరికాలో 25,871 మందితో వైటల్ అధ్యయనం చేశారు. రోజుకు 2,000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చినా కొత్తగా క్యాన్సర్ రావడం గానీ, గుండెపోటు, పక్షవాతం గానీ తగ్గలేదు. వారిలో చాలామందికి అసలు లోపమే లేదన్నదీ గుర్తుంచుకోవాలి. తీవ్రమైన లోపం ఎముకలను మెత్తబరుస్తుంది, కండరాలను నీరసింపజేస్తుంది. దానికి వైద్యం చేయాల్సిందే.

అపోహ: విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుంది?

వాస్తవం: కొంపలు ముంచేది ఇదే. ఒక రిటైర్డ్ మాస్టారికి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు వారానికొకటి, ఎనిమిది వారాలకు రాశారు. బలానికి మంచిదని ఆయన రోజూ పాలలో కలుపుకొని నెలల తరబడి తాగారు. వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, పొంతన లేని మాటలు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకొని తీసుకొచ్చారు. చూస్తే రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. బి కాంప్లెక్సులా ఇది మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉంటుంది. అందుకే ప్యాకెట్లు ఆపాక కూడా కాల్షియం దిగడానికి వారాలు పట్టింది. మోకాలు నొప్పి అన్నప్పుడల్లా ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పొడిపించుకునేవారికీ ఇదే ముప్పు.

మిగతావి క్లుప్తంగా. తెల్లవారుజామున లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ డి తయారుకాదు, సూర్యుడు పైకెక్కాలి. కిటికీ అద్దం వెనక కూర్చున్నా లాభం లేదు. రాగుల్లో ఉన్నది కాల్షియం, డి కాదు. ఏ బాధా లేని పెద్దలందరూ ఏటా ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదని హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. హెల్త్ చెకప్ ప్యాకేజీలు అమ్మేవారికి అది వినపడలేదు.

రోజూ ప్యాకెట్టు తాగుతున్నవారు ఈరోజే ఆపేసి కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించుకోండి. కిడ్నీలో రాళ్లున్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.