సీసాలో బ్యాక్టీరియాకు బెల్లం అక్కర్లేదు

పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

ఉప్పునీటి ఆక్వేరియం కోసం బ్యాక్టీరియా సీసా ఆర్డర్ పెట్టామని రాశారు. భీమవరంలో మామయ్య రొయ్యల చెరువు గట్టు మీద ప్రోబయోటిక్‌ని, అంటే చెరువుకు మేలు చేసే బ్యాక్టీరియాను, డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి పెంచుతాడు కదా, మనమూ ఈ సీసాను అలా పెంచుకుంటే డబ్బులు మిగులుతాయి కదా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ పని మాత్రం చెయ్యకండి.

మామయ్య డ్రమ్ములో పెరిగేవాటిలో ముఖ్యమైనది బాసిల్లస్ రకం. బెల్లం, తవుడు, చెరువు అడుగున కుళ్లిన మేత, ఏదైనా దానికి తిండే. రోజులు బాగోకపోతే స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపంలోకి మారి, మళ్లీ తడీ తిండీ దొరికేదాకా పడి ఉంటుంది. అందుకే ఆ పొడి ప్యాకెట్లు షెడ్డులో ఎండకాలమంతా ఉన్నా పనికొస్తాయి.

మీకు కావలసినవి వేరు. చేప తన ఒంట్లో తయారైన అమ్మోనియాను ఎక్కువగా మొప్పల్లోంచే నీళ్లలోకి వదులుతుంది. అది పేరుకుంటే చేపకే విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మార్పులోంచి వచ్చే శక్తే వాటికి బతుకుతెరువు. ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన కార్బన్‌ను నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసుకుంటాయి. తీపితో వాటికి పని లేదు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వీటిని విడదీయబోయినప్పుడు, ల్యాబుల్లో మామూలుగా వాడే జెలటిన్ మీద ఇవి పెరగనే లేదు. చివరికి ఇసుకకు బంధువైన సిలికా జెల్ మీద పెంచాడు. మీరు బెల్లం వేస్తే పెరిగేవి వేరే బ్యాక్టీరియా. అవి ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి, మీరు కొన్నవి ఊపిరాడక పోతాయి.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. అడుగు మురికిని తినేస్తుందని రాసి, ఏళ్ల తరబడి నిలవ ఉంటుందని చెప్పే సీసా చాలావరకు బాసిల్లస్ సరుకు. చెడ్డదని కాదు, కొత్త తొట్టిలో అమ్మోనియా సంగతి అది చూసుకోదు. అమ్మోనియా, నైట్రైట్ రెండింటినీ మారుస్తుందని, ఉప్పునీటికని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. మంచినీటి రకాలు సముద్రపు ఉప్పులో సరిగా పని చెయ్యవు.

ఇవి స్పోర్లు కట్టలేవు. కాబట్టి నిలవ విషయంలోనే అసలు టెన్షన్. మే నెలలో కొరియర్ వ్యానులో వేడి ఎంతుంటుందో మీకు వేరే చెప్పాలా? నలభై డిగ్రీలు దాటితే వీటి పని అయిపోయినట్టే. ఆదివారం గోడౌన్‌లో పడి ఉండకుండా వారం మొదట్లో ఆర్డర్ పెట్టండి. దొరికితే దగ్గర్లో ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే షాపులోనే కొనండి, రెండు రూపాయలు ఎక్కువైనా సరే. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లదనానికి వాటి ఖర్చు తగ్గుతుంది, ఉన్నదాంతో ఎక్కువ రోజులు నెట్టుకొస్తాయి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డ కడితే కణాలు చితికిపోతాయి. సీసా మీద పెద్ద అక్షరాలతో ‘చేపలది’ అని రాయండి. మీ నాన్న అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచే మనిషి.

మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన కొట్టొచ్చు. గాలి లేని సీసాలో అది మామూలే, వాసనను బట్టి పారబోయకండి. బతికున్నాయో లేదో చెప్పేది అమ్మోనియా టెస్ట్ కిట్ ఒక్కటే.

ఇక డోసు. పోసే ముందు సీసాను బాగా కుదపండి, బ్యాక్టీరియా అడుగున పేరుకుని ఉంటుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందే తీసేయండి. ఆ క్లోరిన్ వేసింది క్రిములను చంపడానికే, మీ సీసాలోవాటికి మినహాయింపు ఇవ్వదు. క్రిములను చంపే యూవీ దీపం, నురగతో మురికిని బయటికి లాగే ప్రోటీన్ స్కిమ్మర్ రెండు రోజులు ఆపండి, ఫిల్టర్ గుడ్డ తీసేయండి. ఇవి నీళ్లలో తేలుతూ బతికేవి కావు, రాళ్లకూ ఇసుకకూ అంటుకుని బతుకుతాయి. అంటుకునే వ్యవధి ఇవ్వాలి. లైటు కూడా నాలుగు రోజులు వెయ్యకండి, వెలుగు వీటికి పడదు. నీళ్లను కదిలించే పంపు మాత్రం ఒక్క గంట కూడా ఆపొద్దు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్ దాకా చేర్చడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. వెచ్చని ఉప్పునీళ్లలో ఆక్సిజన్ లీటరుకు ఏడు మిల్లీగ్రాములు కూడా నిలవదు.

తిండి పెట్టకుండా సీసా పోస్తే దండగ. చేపలు లేని తొట్టిలో అమ్మోనియం క్లోరైడ్ కరిగించి, లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా చూడండి. మీ 100 లీటర్లకు గ్రాము కూడా పట్టదు. కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం ఇదే, కానీ బజారు సరుకులో ఏం కలిసి ఉంటుందో తెలియదు, శుద్ధమైనదే కొనండి. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకోకండి. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఈ బ్యాక్టీరియాయే నీరసపడుతుంది.

పాలు తోడుపెట్టినట్టు తెల్లారేసరికి అయ్యే పని కాదిది. ఇవి ఒకసారి రెట్టింపు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు కూడా పడుతుంది. ముందు అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ దిగుతుంది. సముద్రపు నీళ్లలోని క్లోరైడ్ వల్ల నైట్రైట్ మంచినీటి చేపలను బాధపెట్టినంతగా ఉప్పునీటి చేపలను బాధపెట్టదు. అయినా అది సున్నా అయ్యేదాకా ఆగండి. వేసిన 2 మిల్లీగ్రాములు ఒక్క రోజులో మాయమై, నైట్రైట్ కూడా కనబడకపోతే అప్పుడు మీ క్లౌన్ ఫిష్ జంటను తెచ్చుకోవచ్చు. అమ్మోనియా విషయంలో మాత్రం తొందర అసలు వద్దు. ఉప్పునీటి పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి కిట్‌లో అదే కొలత చూపించినా అమ్మోనియాలో విషపు వంతు ఎక్కువ.

సీసాలో మిగిలింది దాచుకుని ఏడాది తర్వాత చూద్దామనుకోకండి. చేపలు వేసిన రోజే మిగతాది కూడా పోసేయండి. అమ్మోనియాను మార్చే ఈ బ్యాక్టీరియా (నైట్రిఫైయర్లు) ఎక్కువైనా చేపకు కీడు లేదు, తిండి చాలనివి వాటంతట అవే తగ్గుతాయి. బాసిల్లస్ సీసాను మాత్రం అలా గుమ్మరించకండి. నీళ్లు పాలలా తెల్లబడి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

కిట్ చూపించే అంకెలు తేదీలతో నోటుబుక్కులో రాసి, పదిరోజులకోసారి ఆ పేజీ ఫొటో నాకు పంపండి.

మీ తాతయ్య
కాకినాడ