చెట్టు టరాంటులాలకు స్ప్రే బాటిలే శత్రువు: అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి ఒక కుర్రాడు తను పెంచుకుంటున్న చెట్టు టరాంటులా (చెట్ల మీద ఉండే పెద్ద బొచ్చు సాలీడు) పిల్ల ఫోటో పంపాడు. "అన్నా, మూడు రోజులుగా అడుగునే కూర్చుంది. తేమ తగ్గిందేమోనని రోజుకు మూడుసార్లు స్ప్రే కొడుతున్నా" అన్నాడు. డబ్బా గోడల మీద నీళ్లు ధారలు కట్టి ఉన్నాయి, మూతకు నాలుగే నాలుగు సూది బెజ్జాలు. మూలన ఆ పింక్‌టో (కాళ్ల కొసలు గులాబీ రంగులో ఉండే రకం) పిల్ల, కాళ్లన్నీ పొట్ట కిందకు ముడుచుకుని ఉంది. వెంటనే పొడి డబ్బాలోకి మార్చి, సీసా మూతలో నీళ్లు పెట్టమన్నాను. తెల్లారేసరికి అది పోయింది. ఆ అబ్బాయి ఏడ్చాడు. తప్పు అతనిది కాదు, అతను చదివిందే అలా ఉంది.

టెక్సస్‌లో పెంపుడు జీవాల ఎక్స్‌పోలు జరిగినప్పుడల్లా టేబుల్ పెడతాను, పదకొండేళ్లుగా టరాంటులాలు పెంచుతున్నాను. "చెట్ల మీద ఉండేవి, వాన అడవుల జీవాలు, కాబట్టి ఎప్పుడూ తడిగా ఉంచాలి" అనే మాట వినని వారం లేదు. కొత్తవాళ్ల చేతుల్లో పోయే అవిక్యులేరియా (పింక్‌టోలు ఈ రకమే), కరిబేనా అనే చెట్టు టరాంటులాల పిల్లల్లో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం ఈ మాట వల్లే పోతున్నాయి.

కరిబేనా వెర్సికలర్ సొంత ఊరు కరీబియన్‌లోని మార్టినిక్ దీవి. అక్కడ వాన బాగానే పడుతుంది. కానీ మనం స్కూల్లో చదువుకున్న వ్యాపార పవనాలు ఆ దీవి మీదుగానే వీస్తాయి. చెట్టు మీద ఆకు తడుస్తుంది, కాసేపట్లో ఆరిపోతుంది. ఆ తడిని తెచ్చి గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తే అది అడవి అవుతుందా? బూజు పట్టిన గది అవుతుంది.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. మొదటి వెర్సికలర్ పిల్ల వేలి గోరంత ఉండేది, ఒళ్లంతా నెమలికంఠం నీలం. ఎక్కడో 80 శాతం తేమ అని చదివి హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) కొన్నాను. ముల్లు 80 దగ్గర నిలవడం కోసం బెజ్జాల మీద టేపు అంటించాను. మూడో వారం మూత తీస్తే కుళ్లిన వాసన, కొబ్బరి పొట్టు మీద తెల్లటి బూజు, పిల్ల అడుగున పడి ఉంది. రెండోది కూడా అలాగే పోయింది. అప్పుడు ఒక ముసలాయన, నలభై ఏళ్లుగా పెంచుతున్నాయన, నా డబ్బా చేతిలోకి తీసుకుని "దీనికి ఊపిరెక్కడిది?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఏం చేయాలంటే, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న డబ్బా తీసుకోండి. ఎదురెదురు గోడలకు బెజ్జాలు పెట్టండి, ఒక పక్క కింద, ఇంకో పక్క పైన. గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవాలి. మూతకు మాత్రమే పెడితే చాలదు. కార్క్ బెరడు ముక్క నిలువుగా ఆనించి, పైన నాలుగు ప్లాస్టిక్ ఆకులు ఉంచితే గూడు అదే అల్లుకుంటుంది. ఎప్పుడూ ఒక చిన్న నీళ్ల గిన్నె ఉండాలి. పిల్లలకైతే నాలుగైదు రోజులకోసారి ఒక పక్క గోడ మీద రెండు చుక్కలు చిలకరించండి, తాగుతాయి. సాయంత్రానికి గోడ ఆరకపోతే బెజ్జాలు చాలలేదని అర్థం. హైగ్రోమీటర్ తీసి పక్కన పెట్టేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయిందని పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆగండి! అది మోల్ట్, కుబుసం విడుస్తోంది. చాలాసార్లు పైన గూట్లోనే కానిచ్చేస్తుంది, మనకు కనబడదు కూడా. ముట్టుకోవద్దు, ఊదొద్దు, లోపల బతికున్న పురుగేదైనా ఉంటే మెల్లగా తీసేయండి. కాళ్లు పొట్ట కిందకు ముడుచుకుపోతేనే కంగారు పడాలి. మోల్ట్‌కు ముందు వారాల తరబడి తినకపోయినా టెన్షన్ వద్దు. హీట్ ల్యాంప్ అక్కర్లేదు, మీకు హాయిగా ఉన్న గది దానికీ సరిపోతుంది. చేతి మీద ఎక్కించుకోవడం దానికి ఇష్టమనేది పచ్చి అబద్ధం. పింక్‌టో ఉన్నట్టుండి దూకుతుంది, మీరు ఉలిక్కిపడి చెయ్యి విదిలిస్తే నష్టం దానికే.

ఇక మనవాళ్లందరూ అడిగేది నీలం రంగు 'గుత్తి' టరాంటులా గురించి. పొయిసిలోథేరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త దాన్ని గుత్తిలో దొరికిన ఒకే ఒక్క నమూనాతో వర్ణించాడు, అందుకే ఆ పేరు. అది రైల్లో కట్టెలతో పాటు అక్కడికి చేరి ఉంటుందంటారు. మళ్లీ కనిపించింది వందేళ్ల తర్వాత, 2001లో, నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో. మన గడ్డ జీవం కదా అని దాంతోనే మొదలుపెడతామంటారు. వద్దు. అది మెరుపులా పరుగెడుతుంది. ఈ జాతి కాటుకు మనుషులు చచ్చిపోరు కానీ, కండరాలు పట్టేసి రోజుల తరబడి నరకం చూసినవాళ్లు ఉన్నారు. ముందు రెండేళ్లు పింక్‌టోతో చెయ్యి కుదుర్చుకోండి.

"ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఒకటి పట్టుకురానా?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి, 2019 నుంచి పొయిసిలోథేరియాలోని అన్ని రకాలూ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం (CITES) కిందకు వచ్చాయి. ఇక్కడ డబ్బాల్లో పుట్టి పెరిగినవి దొరుకుతున్నాయి. అక్కడ చెట్టు తొర్రలో ఉన్నదాన్ని అక్కడే ఉండనివ్వండి.