తాతయ్యకి వణుకు, మనవడికి మాట ఆలస్యం, మధ్యలో ఎఫ్‌ఎంఆర్1

పిల్లాడికి మూడేళ్ళొచ్చినా మాటలు రావట్లేదని, కళ్ళలోకి చూడట్లేదని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మన వైపు తొందరగా వచ్చే ప్రశ్న "మీది మేనరికమా అమ్మా?" అని. అడగాల్సిన ప్రశ్నే, మన తెలుగు కుటుంబాల్లో మేనమామనో మేనబావనో చేసుకోవడం తరాలుగా ఉంది, దగ్గరి సంబంధాల వల్ల బయటపడే జబ్బులూ చాలానే ఉన్నాయి. కానీ "లేదండీ, బయటి సంబంధమే" అనగానే వంశం గురించిన మాట అక్కడితో ఆగిపోతుంది చూశారూ, అదే నా బాధ. ఇంకో రెండు ముక్కలు అడగాలి. పిల్లాడి అమ్మకి నాన్న ఉన్నారు కదా, ఆయనకి పెద్దయ్యాక చేతులు వణకడం, నడుస్తుంటే తూలడం ఏమన్నా మొదలైందా? అమ్మకి గానీ పిన్నికి, పెద్దమ్మకి గానీ నలభై రాకముందే నెలసరి ఆగిపోయిందా? తాతయ్య వణుకుకి న్యూరాలజిస్టు, పిన్ని నెలసరికి గైనకాలజిస్టు, పిల్లాడికి పిల్లల డాక్టరు, ముగ్గురి దగ్గరా మూడు ఫైళ్ళు, ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందర్భమే రాదు. కానీ ఆ మూడు ఫైళ్ళ వెనకా ఉన్నది ఒకే జీన్ అయ్యుండొచ్చు. దాని పేరు ఎఫ్‌ఎంఆర్1. ఇది మూతపడితే పిల్లల్లో వచ్చే జబ్బు పేరు ఫ్రాజైల్ ఎక్స్.

ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద, పొడుగు చేయి చివరి భాగంలో ఉంటుంది. ఇది తయారు చేయించే ప్రొటీన్‌ని ఎఫ్‌ఎంఆర్‌పి అంటారు, పూర్తి పొడుగు రూపంలో 632 అమైనో ఆమ్లాలు. ఈ ప్రొటీన్ పని ఆర్ఎన్ఏకి అతుక్కోవడం. అతుక్కుంటే ఏమొస్తుంది అనిపిస్తుంది కదా, అది అర్థం కావాలంటే న్యూరాన్ ఆకారం ఒకసారి గుర్తు చేసుకోవాలి. న్యూరాన్ కొమ్మలు కొమ్మలుగా చాలా దూరం సాగి ఉంటుంది, డీఎన్ఏ ఉండేదేమో న్యూక్లియస్‌లో, మనం కొత్త విషయం నేర్చుకుంటే మార్పు జరగాల్సిందేమో ఎక్కడో కొమ్మ చివర, పక్క న్యూరాన్‌తో కలిసే సినాప్స్ దగ్గర. అందుకని చాలా ప్రొటీన్ల విషయంలో కణం ఏం చేస్తుందంటే, ప్రొటీన్‌ని ఇక్కడ తయారు చేసి అక్కడికి మోయకుండా, దాన్ని ఎలా చేయాలో రాసున్న కాపీని, అంటే ఎంఆర్ఎన్ఏని ముందే అక్కడికి పంపించేస్తుంది. సిగ్నల్ వచ్చినప్పుడు అక్కడికక్కడే ప్రొటీన్ తయారవుతుంది. మరి సిగ్నల్ రాకముందే తయారైపోతే? అలా కాకుండా చూసేదే ఎఫ్‌ఎంఆర్‌పి. సీల్ వేసిన పార్సిల్‌లా కాపీని పట్టుకుని ఉంటుంది, ప్రొటీన్ తయారు చేసే రైబోజోములు దాని మీదికి ఎక్కినా ముందుకు కదలకుండా ఆపి ఉంచుతుంది, సినాప్స్ నుంచి సిగ్నల్ రాగానే వదులుతుంది. 2011లో ఎలుకల మెదడులో చూస్తే ఇది పట్టుకునే ఎంఆర్ఎన్ఏలు 842 రకాలు తేలాయి, వాటిలో చాలా భాగం సినాప్స్‌లో పని చేసే ప్రొటీన్లవే, ఆటిజంతో ముడిపడిన జీన్లవి కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఒక్క ప్రొటీన్ లేకపోతే వందల ప్రొటీన్ల టైమింగ్ తప్పుతుంది. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవాళ్ళ మెదడుని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు సినాప్సులు ఉండే చిన్న చిన్న ముళ్ళు సన్నగా, పొడుగ్గా, ఇంకా పక్వానికి రానట్టు కనిపించడానికి కారణం ఇదే అనుకుంటున్నారు.

ఆర్ఎన్ఏని పట్టుకోవడమే దీని అసలు పని అని చూపించిన ఒక కేసు ఉంది, నాకు చాలా ముఖ్యం అనిపించేది. ఫ్రాజైల్ ఎక్స్ వచ్చిన దాదాపు అందరిలోనూ జీన్ మూతపడి ప్రొటీనే ఉండదు. కానీ 1993లో రిపోర్ట్ చేసిన ఒక పేషెంట్‌కి జీన్ మూతపడలేదు, ప్రొటీన్ కూడా తయారవుతోంది, 304వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ఆస్పరజీన్ అనేది వచ్చింది, అంతే తేడా. ఆ ఒక్క మార్పు సరిగ్గా ఆర్ఎన్ఏని పట్టుకునే భాగంలో, కేహెచ్ డొమైన్ అంటారు దాన్ని, అక్కడ పడింది. ఆయనకి జబ్బు చాలా తీవ్రంగా ఉంది. ప్రొటీన్ ఉంది, పట్టు లేదు, ఫలితం ప్రొటీన్ లేనంత పనీ అయింది.

ఇప్పుడు మిగతా అందరిలో జీన్ ఎందుకు మూతపడుతుందో చూద్దాం. ఎఫ్‌ఎంఆర్1 మొదట్లో, ప్రొటీన్‌కి సంబంధించిన రాత మొదలవ్వకముందే, సీజీజీ అనే మూడక్షరాల ముక్క వరసగా రిపీట్ అవుతూ ఉంటుంది. సీజీజీ సీజీజీ సీజీజీ అని తొమ్మిదో పదో వచ్చాక మధ్యలో ఒక ఏజీజీ పడుతుంది, మళ్ళీ తొమ్మిదో పదో సీజీజీలు, మళ్ళీ ఒక ఏజీజీ. ఎక్కువమందిలో మొత్తం 29, 30 రిపీట్లు. ఆ మధ్యలో పడే ఏజీజీ చూడటానికి తప్పు పడిన అక్షరంలా ఉంటుంది గానీ వంశాన్ని కాపాడేది అదే, ఎందుకంటే డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఒకే ముక్క తెంపు లేకుండా వస్తుంటే జారిపోయి కొన్ని ముక్కలు అదనంగా చేరిపోతుంటాయి, మధ్యలో ఏజీజీ ఉంటే ఆ జారుడు తగ్గుతుంది. ఏజీజీలు పోయిన వరస తరం మారినప్పుడల్లా పెరిగే ప్రమాదం ఎక్కువ.

44 దాకా మామూలే. 45 నుంచి 54 మధ్యస్థం. 55 నుంచి 200 దాకా ప్రీమ్యుటేషన్ అంటారు, 200 దాటితే ఫుల్ మ్యుటేషన్. 200 దాటితే కణం ఆ ప్రాంతం మొత్తానికి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు తగిలించి జీన్‌ని మూసేస్తుంది, ఎఫ్‌ఎంఆర్‌పి తయారు కాదు, అదే ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే కారణం ఇదే, మగపిల్లల్లో సుమారు 4,000 నుంచి 7,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. పొడుగు మొహం, పెద్ద చెవులు, చేతులు ఆడించడం, కళ్ళలోకి చూడకుండా మొహం తిప్పుకోవడం, గోలగా ఉన్న చోట విపరీతమైన ఆందోళన, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం. చాలామందికి ఆటిజం కూడా ఉంటుంది. ఆడపిల్లలకి రెండు ఎక్సులు ఉంటాయి, ఒక్కో కణంలో ఒక్కోటి పనిచేస్తుంది, అందుకని వాళ్ళలో తేలిగ్గా ఉండొచ్చు, చదువులో కొంచెం ఇబ్బందితోనో విపరీతమైన సిగ్గుతోనో ఆగిపోవచ్చు, అందుకే దొరకరు కూడా. ఇంకో సంగతి, చాలా అరుదుగా 200 దాటినా మిథైల్ గుర్తులు పడని మగవాళ్ళు దొరికారు, వాళ్ళ తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి. అంటే పిల్లాడి మెదడుకి దెబ్బ తగిలేది వరస పొడుగు వల్ల కాదు, మూత వల్ల.

ఇక తాతయ్య విషయం. ఆయనకి 55 నుంచి 200 మధ్యలో ఏదో ఒక సంఖ్య ఉంటుంది, జీన్ మూతపడదు, పైగా మామూలు కంటే రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ ఎంఆర్ఎన్ఏ తయారవుతుంది. మనవడిలో ఆర్ఎన్ఏ లేక జబ్బు, తాతయ్యలో ఆర్ఎన్ఏ ఎక్కువై జబ్బు, పూర్తిగా ఎదురెదురు కారణాలు. ఆ పొడుగు సీజీజీ వరస ఉన్న ఆర్ఎన్ఏ మడత పడి న్యూక్లియస్‌లో వేరే ఆర్ఎన్ఏ బైండింగ్ ప్రొటీన్లని తనకి అతికించుకుని పని చేయనివ్వదు, పైగా ఆ వరస నుంచి అసలు తయారు కాకూడని ఒక చెత్త ప్రొటీన్ కూడా తయారై పేరుకుంటుంది. యాభై అరవై ఏళ్ళు ఏమీ తెలియదు. తర్వాత గ్లాసు పట్టుకుంటే చేయి వణకడం, నడకలో తూలడం, మతిమరుపు. ఫ్రాజైల్ ఎక్స్‌తో ముడిపడిన ఈ వణుకు, తూలుడు జబ్బుని పొట్టిగా ఎఫ్ఎక్స్‌టాస్ అంటారు. ఈ సంఖ్యలున్న మగవాళ్ళలో యాభై దాటాక సుమారు 40 శాతం మందికి వస్తుంది, ఆడవాళ్ళలో బాగా తక్కువ. చాలాసార్లు పార్కిన్సన్స్ అనుకుని మందులు వాడుతుంటారు, ఎంఆర్ఐలో చిన్న మెదడు కాడల దగ్గర తెల్లటి మచ్చ కనిపిస్తే గానీ అనుమానం రాదు, అది కూడా అందరిలో కనిపించదు.

ఇది దొరికిన తీరు చెప్పకుండా ఉండలేను. అమెరికాలో రాండీ హేగర్‌మన్ అనే డాక్టరు ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల్ని చూస్తుండేవారు, ఆవిడ భర్త పాల్ హేగర్‌మన్ కూడా అదే రంగంలో పరిశోధకుడు. అప్పటిదాకా ప్రీమ్యుటేషన్ ఉన్న మగవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదనే పుస్తకాల్లో ఉండేది. కానీ పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు మాటల్లో మాటగా మా నాన్నకి వణుకండీ, నడవలేకపోతున్నారండీ అని చెప్తూనే ఉన్నారు, ఒకరు కాదు ఇద్దరు కాదు. ఆవిడ ఆ మాటల్ని పక్కన పెట్టేయకుండా ఆ తండ్రుల్ని పరీక్ష చేశారు, 2001లో ఐదుగురు మగవాళ్ళ గురించి పేపర్ వచ్చింది. తల్లులు చెప్పిన మాట వినడం వల్ల ఒక కొత్త జబ్బు దొరికింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా పట్టించుకోవాలి. ప్రీమ్యుటేషన్ ఉన్న ఆడవాళ్ళలో సుమారు 20 శాతం మందికి నలభై లోపే అండాశయాలు సరిగ్గా పనిచేయడం ఆగిపోతుంది, మామూలు జనాభాలో ఇది ఒక శాతం దగ్గర ఉంటుంది. పిల్లలు పుట్టట్లేదని ఏళ్ళ తరబడి తిరుగుతూ ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడే అమ్మాయికి కారణం ఒక్క రక్త పరీక్షలో తేలొచ్చు, కానీ ఆ పరీక్ష రాసేవాళ్ళు తక్కువ.

ఈ జబ్బుని అర్థం చేసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టడానికి కారణం అది వంశంలో నడిచే తీరు. 1943లో లండన్‌లో మార్టిన్, జూలియా బెల్ అనే ఇద్దరు ఒక పెద్ద కుటుంబాన్ని వర్ణించారు, మగపిల్లల్లోనే బుద్ధిమాంద్యం, తల్లుల వైపు నుంచి వస్తోంది. 1969లో హెర్బర్ట్ లబ్స్‌కి ఇలాంటి ఒక కుటుంబంలో ఎక్స్ క్రోమోజోమ్ చివర తెగినట్టు కనిపించింది, ఫ్రాజైల్ అన్న పేరు దాన్నుంచే. కానీ వేరే ల్యాబుల్లో చూస్తే అది కనిపించేది కాదు. ఆస్ట్రేలియాలో గ్రాంట్ సదర్లాండ్ మెల్‌బోర్న్‌లో ఉండగా చూసిన ఆ తెగుడు అడిలైడ్‌కి మారాక మాయమైపోయింది, రెండు చోట్లా ఏంటి తేడా అని వెతికితే కణాలు పెంచే ద్రవం వేరు. పాత ద్రవంలో ఫోలిక్ ఆమ్లం తక్కువ, కొత్తదాంట్లో ఎక్కువ, ఫోలిక్ ఆమ్లం సరిపడా అందేసరికి తెగుడు దాక్కుంటోంది. 1977లో ఆయన ఈ సంగతి రాశాకే పరీక్ష అనేది సాధ్యమైంది, 1981లో మార్టిన్, బెల్ చూసిన కుటుంబాన్ని మళ్ళీ పరీక్షిస్తే వాళ్ళకీ ఇదే ఉంది.

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. ఏ లక్షణమూ లేని ఒక మగాయన ద్వారా జబ్బు దిగుతోంది, ఆయన అన్నదమ్ముల్లో 9 శాతం మందికే బుద్ధిమాంద్యం, ఆయన కూతుళ్ళకి పుట్టిన మగపిల్లల్లో 40 శాతం మందికి. 1985లో స్టెఫనీ షెర్మన్ బృందం లెక్కలతో చూపించిన ఈ విచిత్రానికి అప్పట్లో సమాధానం లేదు, ఎందుకంటే ఒకే మ్యుటేషన్ తరం మారితే బలం మారడం అనేది అప్పటి లెక్కలకి అంతుపట్టనిది. 1991లో నెదర్లాండ్స్, అమెరికా బృందాలు కలిసి ఎఫ్‌ఎంఆర్1 జీన్‌ని పట్టుకున్నాక తేలింది, మ్యుటేషనే పెరుగుతోంది. తండ్రి తన ఎక్స్‌ని కొడుకులకి ఇవ్వడు, కూతుళ్ళందరికీ ఇస్తాడు, ఇచ్చేది దాదాపు అదే పొడుగులో ఇస్తాడు. కూతురు తన బిడ్డకి ఇచ్చేటప్పుడే అది 200 దాటేది. ఆవిడ సంఖ్య 60 లోపు ఉంటే ఆ ప్రమాదం తక్కువ, 100 దాటి ఆ ఎక్స్ బిడ్డకి వచ్చిందంటే దాదాపు ఖాయం. ఇందులో మేనరికం పాత్ర ఏమీ లేదు, తల్లి ఒక్కరి నుంచే వస్తుంది కాబట్టి బయటి సంబంధంలోనూ అంతే వస్తుంది. అయితే మేనమామకి ఇచ్చి చేసే ఇళ్ళల్లో ఒకటి గమనించాలి, ఆ మేనమామకీ పెళ్ళికూతురి తల్లికీ అదే అమ్మమ్మ నుంచి ఆ ఎక్స్ వచ్చి ఉంటే పుట్టే ఆడపిల్లకి రెండు వైపుల నుంచీ రావచ్చు.

మందుల విషయంలో నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది, దెబ్బ తగిలింది, మళ్ళీ పుడుతోంది. ఎలుకల్లో ఎంగ్లూఆర్5 అనే గ్రాహకాన్ని తగ్గిస్తే చాలా లక్షణాలు సర్దుకున్నాయి, రెండు పెద్ద కంపెనీలు దాని మీద మందులు చేసి మనుషుల్లో పరీక్షిస్తే పనిచేయలేదు. 2018లో పేషెంట్ల నుంచి చేసిన న్యూరాన్లలో జీన్లని సవరించే క్రిస్పర్ పద్ధతిని కొంచెం మార్చి, డీఎన్ఏని కోయకుండా, ఆ మిథైల్ గుర్తుల్ని మాత్రం తుడిచేస్తే మూతపడిన జీన్ మళ్ళీ తెరుచుకుంది. 2023లో ఇంకా ఆశ్చర్యం, మూతపడిందనుకున్న చాలామంది పేషెంట్ల రక్తంలో ఎఫ్‌ఎంఆర్1 ఆర్ఎన్ఏ కొంత తయారవుతూనే ఉంది, కాకపోతే తప్పుగా కత్తిరించబడి పొట్టిగా పనికిరానిదిగా ఉంది, ఆ తప్పు కత్తిరింపుని అడ్డుకునే, ఆర్ఎన్ఏ లాంటి చిన్న ముక్కని మందుగా కణాల్లో ఇస్తే ఎఫ్‌ఎంఆర్‌పి తిరిగొచ్చింది. ఈ చివరి రెండూ ల్యాబ్‌లో పెంచిన కణాల్లో వచ్చిన ఫలితాలే. ఈలోగా స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఆందోళనకి మందులు, ఇవి ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

పరీక్ష గురించి మాత్రం జాగ్రత్తగా అడగండి. క్రోమోజోముల్ని మైక్రోస్కోప్‌లో చూసే మామూలు క్యారియోటైపింగ్‌లో ఇది తేలదు, మైక్రోఅరేలో తేలదు, వేలకి వేలు పోసి చేయించే ఎక్సోమ్ సీక్వెన్సింగ్‌లో కూడా ఈ రిపీట్ల లెక్క రాదు, అన్నీ నార్మల్ అని రిపోర్ట్ చూసి జెనెటిక్ కారణం లేదనుకునే తల్లిదండ్రులు ఉంటారు. విడిగా, రిపీట్లని లెక్కపెట్టే ఫ్రాజైల్ ఎక్స్ పీసీఆర్ అని, అవసరమైతే సదరన్ బ్లాట్ అని రాయించుకోవాలి. మగవాళ్ళ రిపోర్టులో ఒక సంఖ్య ఉంటుంది, ఆడవాళ్ళకి రెండు, ఉదాహరణకి 30, 78 అని. అలా 78 కనిపించిన తల్లి ఉంటే తర్వాత ఆవిడ నాన్ననీ, అమ్మనీ, అక్కచెల్లెళ్ళనీ, అన్నదమ్ములనీ కూడా జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టాలి, ముఖ్యంగా పెళ్ళి కావాల్సిన చెల్లెలుంటే, ఆవిడకి పిల్లల్ని కనే వయసు అనుకున్న దానికంటే తొందరగా అయిపోవచ్చు.