మళ్లీ ఎవరు నాటుతారు తాతా?

పిల్లలూ,

పోయిన నెల గాలివానకి మన కాలనీ గేటు దగ్గర తురాయి చెట్టు కూలిపోయింది కదా, కొమ్మలు కోసి ట్రాలీలో ఎక్కిస్తుంటే మీలో చిన్నది అడిగింది, "తాతా, అమెజాన్ అడవిలో చెట్టు పడిపోతే మళ్లీ ఎవరు నాటుతారు?" అని. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నా.

ఎవరూ నాటరమ్మా. పెళ్లిలో బంతి భోజనాలప్పుడు తినేవాళ్ల కుర్చీల వెనకే తర్వాతి బంతి వాళ్లు నిలబడి ఉంటారు చూడు, అదే ఇది. అక్కడ పైన పెద్ద చెట్లు కమ్మేసి ఉంటే కిందికి దిగే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్లే, ఆ చీకట్లో మోకాలెత్తు మొక్కలు ఎదగకుండా, చావకుండా, ఏళ్లకేళ్లు కుర్చీ వెనక నిలబడే ఉంటాయి. ఒక పెద్ద చెట్టు కూలిందా, నేల మీద ఎండ పడుతుంది. ముందు ఉరికొచ్చి కూర్చునేది పిల్లలే కదా, సెక్రోపియా చెట్టు అలాంటిది, గబ్బిలాలూ పిట్టలూ పండ్లు తిని వదిలిన దాని సన్న గింజలు మట్టిలో వెలుతురు కోసమే కాచుకుని ఉంటాయి. ఏడాదికి మనిషెత్తు పెరిగి, కొన్ని దశాబ్దాలకే లేచిపోతుంది. దాని నీడలో నింపాదిగా తినే పెద్దవాళ్లు సర్దుకుంటారు, వాళ్లు వందల ఏళ్లు లేవరు.

మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లంటే మోదుగాకు విస్తర్లే. వాటికోసం కొమ్మలు నరుకుతుంటే నాకు ఏడుపొచ్చేది, మా నాయనమ్మ నన్ను వానలు పడ్డాక తీసుకెళ్లి చూపించింది, మొద్దు పక్కనుంచి మూడేసి ఆకుల చిగుళ్లు, వేలితో తాకితే మెత్తగా నూగు. వానాడవిలోనూ చాలా మొద్దులు అలాగే చిగురిస్తాయి.

కానీ వంటశాలే తగలబెడితే, అంటే అడవి మొత్తాన్ని మట్టితో సహా పాడుచేస్తే, బంతి ఎక్కడిది? మట్టి చెడకుండా, పక్కన పాత అడవి మిగిలుంటే, అడవి నరికి సాగుచేసి వదిలేసిన నేలలో 20 ఏళ్లకి మట్టి సారం, చెట్ల రకాలు దాదాపు 80 శాతం దాకా తిరిగొస్తాయని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు, చెట్ల బరువు పాత అడవంత కావాలంటే మాత్రం 120 ఏళ్లు పడుతుందట. అందుకే నరికినా వస్తుందిలే అనకూడదు నాన్నా.

మరి ఇండోనేషియాలో 1883లో క్రకటోవా అనే దీవిలో అగ్నిపర్వతం పేలి పందిరితో సహా అంతా బూడిదైంది, మూడేళ్లకే అక్కడ ఫెర్న్ మొక్కలు కనిపించాయి, యాభై ఏళ్లకల్లా అడవి కమ్ముకుంది, గింజలు గాలిలో, అలల మీద, పిట్టల పొట్టల్లో సముద్రం దాటొచ్చాయి. దీనికి నా బంతి పోలిక చాలదు, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది అంతే.

మీరు రేపు స్కూల్ బస్ రాకముందే తురాయి గుంత దగ్గర కూర్చోండి. నిన్న నేను లెక్కపెడితే ఏడు మొలకలు. చింతాకులా సన్నగా చీలినవి తురాయివి, అంచుకి రంపం పళ్లున్నవి వేపవి. వాచ్‌మ్యాన్ గడ్డి పీకేలోపు చూడండి.

మీ తాత