ఓటీలో చేరబోతున్న పిల్లలకు

చిరంజీవులిద్దరికీ పెద్దమ్మ దీవెనలు.

నర్సులుగా మొదటి పోస్టింగే ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో పడిందనీ, సామాన్ల పేర్లు గుర్తుంటాయో లేదోనని బెంగపడుతున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పేర్లకేం బెంగ? ఆర్టరీ, ఎల్లిస్, బాబ్‌కాక్, కోకర్ అంటూ పట్టుకునే పరికరాలే ఎన్నో... రోజూ ట్రాలీ సర్దుతుంటే కొన్ని నెలల్లో చేతికే తెలిసిపోతాయి. త్వరగా రానిది వేరే ఉంది. ‘ఆగండి సార్’ అనడం.

అది ఎక్కువగా అవసరమయ్యేది లెక్క దగ్గర. కోత పెట్టకముందు, పొట్ట మూసేముందు, చర్మం కుట్టేముందు మాపులూ (రక్తం అద్దే గుడ్డలు) గాజ్‌లూ సూదులూ లెక్కపెట్టాలి. స్క్రబ్ అయినవాళ్లూ (చేతులు కడిగి, గౌను వేసుకుని సర్జన్ పక్కన సామాన్లు అందించేవాళ్లు), బయట తిరుగుతూ కావలసినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్ సిస్టరూ ఇద్దరూ చూస్తూ, పైకి అంటూ లెక్కపెట్టాలి. ఒకరు లెక్కపెడితే ఇంకొకరు తలూపడం లెక్క కాదు. రక్తంలో నానిన మాప్ పేగుల మధ్య పడితే కంటికి ఆనదు. అందుకే దానికి ఎక్స్‌రేలో కనబడే దారం పెడతారు. ఒకటి తగ్గిందా, ఆ క్షణమే చెప్పండి. బకెట్లో, టేబుల్ కింద, రోగిమీద కప్పిన డ్రేపు గుడ్డల మడతల్లో వెతకాలి. దొరక్కపోతే అక్కడే ఎక్స్‌రే తీయించాలి. లెక్క తేలేదాకా చెత్త సంచీ కూడా గది దాటకూడదు. సర్జన్ విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు కూడా ఇందుకే: మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని బయటికి తీసుకెళ్లేముందు అందరూ ఒక్కసారి ఆగి మాట్లాడుకోవడానికి. అంతా అయ్యాక తీరిగ్గా కూర్చుని టిక్కులు పెట్టేవాళ్లూ ఉంటారు. ఆ అలవాటు మాత్రం అంటించుకోకండి.

గౌను తొడుక్కుంటే ఒళ్లంతా స్టెరైల్, అంటే క్రిముల్లేకుండా, అయిపోయినట్టు కాదు. ముందువైపు ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు వరకు, చేతులు మోచేతి కాస్త పైదాకా, అంతే. వీపుకి ఆ భాగ్యం లేదు. ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి చూసి వచ్చిన మూటైనా సరే, తడిగా తగిలితే పక్కన పెట్టేయండి. తడిసిన గుడ్డ గుండా క్రిములు లోపలికి పోతాయి.

అన్నట్టు, మీరు వేసుకునే గ్లౌజులు మొదట ఓ ఓటీ నర్సు కోసం చేయించినవే. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ చేతులు పాదరసం మందునీళ్లకు పాడైపోతుంటే, సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చటి రబ్బరు తొడుగులు చేయించాడు. 1890లో ఆవిణ్ణే పెళ్లాడాడు కూడా. రోగికీ అవి రక్ష అని తర్వాత గ్రహించారు.

ఇక రోగి సంగతి. విశాఖ ఆసుపత్రులకు పాడేరు, అరకు, శ్రీకాకుళం నుంచీ, ఒడిశా కోరాపుట్ నుంచీ కూడా వస్తారు. ‘నువ్వు లక్ష్మివేనా?’ అని అడక్కండి. భయంలో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటుంది. ‘నీ పేరేంటమ్మా? ఆపరేషను ఒంట్లో ఏ భాగానికి?’ అని ఆమె చేతే చెప్పించండి. తెలుగు రాకపోతే వెంట వచ్చినవాళ్లను పిలవండి, చెయ్యి ఊపి సరిపెట్టుకోవద్దు. పుస్తెలు తీయమంటే పెద్దవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) వాడేటప్పుడు ఒంటిమీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉందని నెమ్మదిగా చెప్పండి. పసుపుకొమ్ము కట్టిన నూలుదారం వేసుకోనిస్తారేమో ఇన్‌ఛార్జి సిస్టర్ని అడగండి. తీసిన బంగారం ఇంటివాళ్లకిచ్చి సంతకం తీసుకోవడం మరచిపోకండి.

పొద్దున్న ఏదైనా తినకుండా స్క్రబ్ అవ్వొద్దు. గంటల తరబడి కదలకుండా నిలబడాలి, కళ్లు తిరుగుతాయి. నిజంగా తిరిగితే దాచకుండా చెప్పి, టేబుల్‌కి దూరంగా వెనక్కి జరిగి కూర్చోండి.

కొన్నాళ్లు పనిచేశాక ఈ పనే మీకు నచ్చితే, ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. అప్పుడొకసారి ఇంటికి రండి, ఎక్కడ చదవాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ