బావి నీళ్ల దగ్గర మొదలైన ఇథియోపియా విప్లవం

1974 సెప్టెంబరు 12 ఉదయం అడిస్ అబాబా రాజభవనంలో కొందరు సైనికాధికారులు చక్రవర్తి హైలే సెలాసీకి ఒక ప్రకటన చదివి వినిపించారు. ఆపైన ఆయనను చిన్న ఫోక్స్‌వాగన్ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోయారు. సాలమన్ రాజుకూ షేబా రాణికీ వారసుడని సాక్షాత్తూ రాజ్యాంగంలోనే రాయించుకున్న ప్రభువు ఆయన.

దీన్ని కమ్యూనిస్టు పార్టీ నడిపిన విప్లవమని చాలామంది అనుకుంటారు. అప్పటికి ఆ దేశంలో చట్టబద్ధమైన పార్టీ ఒక్కటీ లేదు. ఆ జనవరిలో దక్షిణాన నెగెలె దండులో సిపాయిల బావి పంపు చెడిపోయింది. అధికారులు తమ బావిలో సిపాయిలను నీళ్లు తోడుకోనివ్వలేదు. సిపాయిలు తిరగబడ్డారు. విచారించడానికి రాజధాని నుంచి వచ్చిన సేనాధిపతిని పట్టుకుని, తాము తినే తిండే తినిపించారు, తాము తాగే నీళ్లే తాగించారు. నాకు తెలిసి ఇంత సూటిగా వినతిపత్రం ఇచ్చినవారు తక్కువ.

ఫిబ్రవరిలో పెట్రోలు ధర పెరిగిందని టాక్సీ డ్రైవర్లు, వారితోపాటు ఉపాధ్యాయులు సమ్మెకు దిగారు. విద్యార్థులైతే 1965 నుంచే ‘దున్నేవాడికే భూమి’ అంటున్నారు. తెలుగువాళ్లకు కొత్తగా వినిపించని నినాదమే. జూన్‌లో సైన్యం నుంచి ‘దెర్గ్’ పుట్టింది. ఆ మాటకు అర్థం కమిటీ, అంతే. అది మంత్రులనూ జమీందార్లనూ ఒక్కొక్కరినే అరెస్టు చేస్తూ పోయింది. సెప్టెంబరు 11 రాత్రి టీవీలో వోలో ప్రాంతపు కరువు చిత్రం వేశారు. ఎముకల గూళ్లలాంటి పిల్లల మధ్య మధ్య రాజభవనం విందుల దృశ్యాలు అతికించారు. తెల్లవారితే కారు వచ్చింది.

సోషలిజం ప్రకటన డిసెంబరులో గానీ రాలేదు. అంతకుముందే, నవంబరులో, సుమారు 60 మందిని కాల్చి చంపారు. 1975 మార్చిలో పల్లెల్లోని భూమి అంతా ప్రభుత్వపరమైంది, రాచరికం రద్దయింది. ఆగస్టులో నిర్బంధంలోనే చక్రవర్తి చనిపోయాడు. 1977లో దెర్గ్‌లోని సైనికాధికారి మెంగిస్టు పగ్గాలు చేజిక్కించుకున్నాక సాగిన ‘ఎర్ర బీభత్సం’లో వేలమంది హతమయ్యారు. వారిలో ఎక్కువమంది మార్క్స్‌ను ఈ అధికారుల కంటే ముందే చదివిన యువకులు.

కమ్యూనిస్టు పార్టీ మాత్రం, ‘కార్మికుల పార్టీ’ పేరుతో, 1984 సెప్టెంబరుకు గానీ రాలేదు. విప్లవ దశాబ్ది ఉత్సవాలతో కలిపి, రాజధాని అంతా తోరణాలు కట్టి, దాన్ని అట్టహాసంగా ప్రారంభించారు. ఆ వారాల్లోనే వోలోలో మళ్లీ కరువు. ఈసారి ఆ దృశ్యాలను దెర్గ్ తన టీవీలో చూపించలేదు.